నాలుగో క్యాబిన్

మూడు రాత్రులుగా
రెండూ యాభైకి ఒక కాల్ చచ్చిపోతోంది.
వెయ్యింటిలో ఒక్కటి. మిగతావన్నీ బుద్ధిగా
మోగి, మాట్లాడుకుని, పెట్టేసుకుంటున్నాయి.

తిమిషోవారాలో ఫిబ్రవరి.
బేగా నది మీద పలచటి మంచు పెంకు.
మొదటి ట్రామ్ రావడానికి ఇంకా బోలెడు టైముంది.
ల్యాబ్‌లో నేనూ, హీటరూ,
పక్క బల్ల మీద కోర్నెల్ సగం కొరికి వదిలేసిన నువ్వుల రొట్టె.

సిగ్నలింగ్ పొరకి మనం చేసుకునే మనవి చిన్నది:
"అవతలి వాళ్ళు ఫోనెత్తితే నాకో కబురు చెయ్యి.
ఇదిగో నా మనిషి, ఇదిగో వాడుండే చోటు."
ఆ మనిషి పేరే కాల్‌బ్యాక్ ఆబ్జెక్ట్.
వాడికొచ్చినవి నాలుగే ముక్కలు:
మోగుతోంది, ఎత్తారు, ఎత్తలేదు, తెగిపోయింది.
పిలవని పేరంటానికి వెళ్ళడు.
పిలిస్తే మాత్రం, ఉండి తీరాలి.

ఆ ఉండటం దగ్గరే ఎక్కడో తేడా.

నాలుగున్నరకి ఇల్లు చేరితే
కింది వాటా వెతురియా తలుపు తీసే ఉంది.
నిద్ర పట్టదావిడకి. పొయ్యి మీద లిండెన్ పూల టీ.
ముప్పై ఏళ్ళు ట్రంక్ కాల్ ఎక్స్ఛేంజిలో కూర్చున్న తల,
హెడ్‌సెట్ పట్టీ నొక్కిన చోట
జుట్టు ఇప్పటికీ రెండు పాయలుగా విడిపోతుంది.
"ఏమిటే ఆ మొహం?" అంది.
చెప్పాను. పాయింటర్ అన్న మాట దాటేసి చెప్పాను.
"ఓ, అదా," అంది. "నాలుగో క్యాబిన్."

"కొన్‌స్తాంత్సాకి లైను దొరకాలంటే మూడు గంటలప్పుడు.
హరలంబియే అని, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు.
చెల్లెలికి నెలలు నిండాయి.
చీటీ తీసుకుని, నాలుగులో ఉండు, కదలకు అన్నాను.
సిగరెట్‌కి వెళ్ళాడు. వచ్చేద్దామనే వెళ్ళాడు.
ఖాళీగా ఉంది కదా అని ఎవరో ఆవిడ
చలికి ఓర్చుకోలేక లోపల దూరింది.
లైను కలిసింది. నేను తల తిప్పి చూళ్ళేదు,
నాలుగులోకి తోసేశాను.
ఆవిడ ఎత్తింది."

నా ఒళ్ళు ఝల్లుమంది, కథకి కాదు.
ఆబ్జెక్ట్‌ని నేను ఫంక్షన్ కడుపులో పుట్టించాను.
ఇరవై సెకన్లు చూసి ఫంక్షన్ వెళ్ళిపోతుంది,
పోతూ పోతూ వాణ్ణీ తుడిచేసుకుని పోతుంది.
సిగ్నలింగ్ పొరకి ఆ సంగతెవరు చెప్పారు?
దాని చేతిలో ఇంకా పాత చిరునామా.
రోజూ అదే వేళకి ఎవరో ఎవరినో నిద్ర లేపుతున్నారు.
ఆ నిద్రమొహం మంచం దిగి, దీపం వెతుక్కుని
ఎత్తేసరికి
అక్కడ అద్దెకి దిగింది ఒక బిల్లు అంకె.
"ఎత్తారు" అని దాని చెవిలో అరిస్తే
దానికి చెవులేవి?

"తర్వాత?" అన్నాను.
"తర్వాతేముంది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని చెప్పారు.
ఆవిడ ఏడ్చేసింది. బరువెంత అని కూడా అడిగింది.
మూడు కిలోల రెండొందలు.
వాడొచ్చేదాకా క్యాబిన్ తలుపు పట్టుకు నిలబడి
గ్రాము తగ్గకుండా అప్పజెప్పింది.
ఆవిడ అడిగిన లైను మాత్రం
ఆ రోజు దొరకలేదు."

మెమరీలో అంత మంచివాళ్ళుండరు.
పొద్దున్నే వెళ్ళి ఆబ్జెక్ట్‌ని బయట పుట్టించాను,
కాల్ పట్టికలో పేరు రాయించాను,
"తెగిపోయింది" అన్న ఆఖరి కబురు అందాకే సెలవు.
ఇంకొకటి. కబురు విన్నాక అక్కడే కూర్చుని ఆలోచించకూడదు,
మనం నిలబడ్డది పిలిచినవాడి థ్రెడ్ మీద.
చీటీ రాసి వరసలో పెట్టి లైను వదిలేయాలి.

ఆ రాత్రి రెండూ యాభైకి ఎవరో ఎవరినో లేపారు.
ఇరవయ్యారో సెకనుకి ఎత్తారు.
ఏం మాట్లాడుకున్నారో మాకు తెలీదు, తెలియకూడదు.
పదకొండు సెకన్లు. పెట్టేశారు.

కోడ్ పక్కన ఒక్క వాక్యం రాసి ఉంచాను:
నాలుగో క్యాబిన్, సిగరెట్‌కి వెళ్ళొద్దు.
కోర్నెల్ దాని కింద ప్రశ్న గుర్తు పెట్టాడు.
ఇంకా జవాబివ్వలేదు.